కుడివైపు

“మార్చి తొమ్మిదిన. ఉడికించిన గుడ్డు, మాడిన రొట్టె తింటూ పాట పెట్టాను. కుడివైపు మూగబోయింది,” అన్నారు మేష్టారు మళ్లీ మొదటినుంచీ.

“మాడింది రొట్టె ఒక్కటే కాదండీ, ట్రాన్సిస్టరు కూడా. అది మీరు దించిన మొదటివారమే మార్చాను. ఇప్పటి రోగం వేరు,” అన్నాడు మెకానిక్, ఆంప్లిఫయర్ మూత విప్పుతూ.

వీధిలో అందరూ అతన్ని పాముచెవి అంటారు. పక్క గదిలో స్క్రూ రాలినా ఏ సైజుదో చెబుతాడని పేరు. పైవాటాలో ఒంటరిగా ఉండే కాలేజీ మేష్టారు, భార్య పోయాక, ఇంట్లో చెడిన ప్రతిదాన్నీ అతని దగ్గరికే దించేవారు. అతను బాగుచేసి, అడక్కుండానే టీ తెప్పించి, కాసేపు కూర్చోబెట్టుకునేవాడు.

ఈసారి మాత్రం పని తెమల్లేదు. కెపాసిటర్లు మార్చాడు. అతుకులన్నిటికీ మళ్లీ టంకం పెట్టాడు. ఎడమ తీగ కుడికీ, కుడి తీగ ఎడమకీ కలిపి చూశాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మళ్లీ కుడివైపే మూగ.

“తీగలు మార్చినా జబ్బు అక్కడే ఉందంటే, అది డబ్బాలో లేనట్టేగా? ఆ హెడ్‌ఫోన్ సంగతి చూడకూడదూ?”

“ఇది నా పెళ్లినాటిదండీ. నన్ననండి పడతాను, దీన్ననకండి.”

“నన్నన్నా పడతారు,” అంది అతని భార్య టీ తెస్తూ.

“పోనీ స్పీకర్లు పెట్టి విను.”

“అవి గోడలతో కలిసి అబద్ధాలాడతాయి.”

“మీటరేమంటోంది?”

“అంతా బాగుందంటోంది. నా చెవి మాత్రం కాదంటోంది. నేను చెవి మాటే వింటా.”

భార్య అతని కుడిపక్కన నిలబడి, “టీ,” అంది. అతను పలకలేదు. భుజం తట్టింది. “పనిలో పడితే ఇంతే, అన్నయ్యగారూ.”

అతను మెడలోకి జారిన హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. “ఇక నావల్ల కాదు మేష్టారూ. చేతిలో పనితనం పోయింది. రేపు బల్లతో సహా అన్నీ పాత ఇనపకొట్టుకి తోలేస్తా.”

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాడు. “ఈ బల్ల లేకపోతే ఈయన మనిషి కాడు,” అని గొణిగి, ఆమె కూడా వెనకాలే వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మేష్టారు చల్లారిన టీ తాగుతున్నారు. “నాకోసం ఒక్కసారి ఆ హెడ్‌ఫోన్‌కి మీటరు పెట్టు. దోషం లేకపోతే నీ బల్ల ఒక కొస నేనే పట్టుకుని ఇనపకొట్టుకి మోస్తాను.”

పెద్దాయన మాట తీసెయ్యలేక పెట్టాడు. ఎడమ తీగకి ముల్లు కదిలింది. కుడి తీగకి కదల్లేదు. మళ్లీ పెట్టాడు. కదల్లేదు.

మీటరు పక్కన పెట్టాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదేనండీ. చేతిని తిట్టుకున్నాను పాపం.” గబగబా స్పీకర్లు తగిలించాడు. రెండూ గదంతా పలికాయి.

చీకటి పడుతుండగా ఆంప్లిఫయర్‌ని తనే పైకి మోసి, బిగించి, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. వెంట వచ్చిన భార్య మేష్టారి గడప దగ్గర ఆగిపోయింది.

“ఆ హెడ్‌ఫోన్ పారేశారు. ఇకమీదట స్పీకర్లతోనే వింటారట. బల్ల కూడా తుడిచి పెట్టుకున్నారు,” అని గొంతు తగ్గించి, “ఇంతకీ లోపమంతా దానిదేనంటారా, అన్నయ్యగారూ?” అంది.

“నేను తీగ తెంపేదాకా అందులో నాకు కుడివైపు చక్కగానే వినపడిందమ్మా,” అని మేష్టారు మెల్లగా తలుపు వేసుకున్నారు.