పాత చొక్కాల బొంత

త్రినాథరావు వచ్చేసరికి దేవీ, పోతమ్మా నేల మీద కూర్చుని బొంత కుడుతున్నారు.

"సర్దుకో దేవీ. బయట ఆటో ఆగుంది," అన్నాడు చెల్లెలితో. చెప్పులు కూడా విప్పలేదు.

దేవి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు. పోతమ్మ లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. అతను గ్లాసు అందుకోలేదు.

"ఆనందపురంలో అమ్మ ఎదురుసూత్తంది. ఏడాది కావత్తంది. ఇంకెన్నాళ్లు ఈవిడ పక్కన కూకుంటావు?"

ఏడాదిగా దేవికి ఏదీ గట్టిగా తోచడం లేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు పెడుతుంది. ఎందుకు పెడుతున్నదో తెలియదు. పెట్టాక మాత్రం కాసేపు అక్కడే నిలబడి చూసుకుంటుంది.

నిరుడు ఆ రోజు పోర్టు రోడ్డులో లారీ బోల్తా పడింది. పెద్దాసుపత్రి వరండాలో ఒకే బెంచీ మీద, ఈ కొసన దేవి, ఆ కొసన పోతమ్మ. లోపలి నుంచి ఎవరో వచ్చి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. చాలాసేపటికి పోతమ్మ తన సీసాలో నీళ్లు దేవి చేతికిచ్చింది. అంతవరకూ ఒకరి మొహం ఒకరికి తెలియదు.

కర్మలయ్యాక పోతమ్మే గాజువాకలో దేవి ఉండే ఇంటికి వెళ్లి, ఆమెను పూర్ణా మార్కెట్ వెనకున్న తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. ఇద్దరికీ పిల్లల్లేరు. పోతమ్మ చేపల పులుసు పెడుతుంది. దేవి వంకాయ కూర చేస్తుంది. మధ్యాహ్నం పాత చీరలూ, చొక్కాలూ ముక్కలు కోసి బొంత కుడతారు. ఆ వేళప్పుడే ఇద్దరికీ మాటలు వస్తాయి.

"మా ఆయన పప్పు ముట్టేవోడు కాదే. సేపలే వొండమనేవోడు. తింటా పాటలు పాడేవోడు," అంటుంది పోతమ్మ.

దేవి సూది ఆపేస్తుంది. "పాడేవోడా? ఏ పాటలక్కా?"

"ఏవో. గొంతేటి బాగోదు. మీ ఇంట్లోనో?"

"మా ఇంట్లో మాటే తక్కువ. నాను పూలు కడతంటే దారం పట్టుకుని కూకునేవోరు. నీసు వాసన గిట్టదనేవోరు. పెయింటు డబ్బాల్లో మొక్కలేసేవోరు."

"ఏ మొక్కలే?"

"కనకాంబరాలు. మిరప."

మొక్కలకి నీళ్లు పొద్దున పోసేవాడా, సాయంత్రమా అని పోతమ్మ అడుగుతుంది. సాయంత్రమని దేవి చెబుతుంది. అన్నం గిన్నె మూత తీసినప్పుడు మొహానికి తగిలే ఆవిరిలాంటిదేదో ఆ కాస్సేపూ ఇద్దరికీ తగులుతుంది. తర్వాత మళ్లీ ఏమీ ఉండదు. కుట్టుకుంటారు.

త్రినాథరావు బొంత వైపు చూశాడు. నీలం గళ్ల చొక్కా ముక్క పక్కన ఎర్ర చీర ముక్క.

"సచ్చినోడి బట్టలు కుట్టుకుని కప్పుకుంటావేటే? మతి పోనాదా?"

"అన్నయ్యా, ఒకటడుగుతాను," అంది దేవి. "మనింటికొత్తే, ఆయన పేరెత్తనిత్తావా?"

అతని మొహం బిగుసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సింహాచలంలో పెళ్లి చేసుకున్న చెల్లెలు. అప్పుడే మాటలు మానేశాడు. చావు కబురు విన్నాకే మళ్లీ మొహం చూశాడు.

"ఆ పేరు నా గుమ్మంలో ఇనపడకూడదు."

"మా వోళ్లూ అంతే బాబూ," అంది పోతమ్మ మెల్లగా. "మా తమ్ముడు నాతో మాటాడ్డం మానేసినాడు. ఆయన ఊసెత్తితే నన్నే కొట్టొచ్చినాడు."

"నిన్నడగలేదు," అన్నాడు త్రినాథరావు.

"అందుకే నాను రాను," అంది దేవి. "ఆయన నవ్వింది, తిన్నది, అలిగింది, ఇక్కడైతే సెప్పుకోవచ్చు. ఇంకెక్కడా ఎవులూ ఇనరు."

త్రినాథరావు విసురుగా గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఆటో వెళ్లిన చప్పుడైంది.

"ఎల్లాల్సింది గుంటా. అమ్మ ఉంది గదా," అంది పోతమ్మ.

"ఊఁ," అంది దేవి. తప్పు చేశానని అనిపించలేదు. ఒప్పు చేశాననీ అనిపించలేదు. చొక్కా జేబు విప్పబోతుంటే పోతమ్మ చెయ్యి పట్టుకుంది.

"జేబు ఇప్పకే. అలాగే ఉండనీ."

జేబుతోనే కుట్టేశారు.

ఏడాది తద్దినం రోజున ఇద్దరూ చీకటితోనే లేచారు. ఇల్లు కడిగారు. ఒక పొయ్యి మీద చేపల పులుసు, ఇంకో పొయ్యి మీద వంకాయ కూర. దేవి వాకిట్లో పెద్ద ముగ్గు వేసింది, ఈ పూట వెయ్యకూడదని తెలిసే వేసింది. పోతమ్మ గుమ్మంలో నిలబడి, రంగు కూడా వెయ్యమంది.

మేడ మీద ఇంటివాళ్ల కోడలు సత్యశ్రీ మార్కెట్‌కి వెళుతుంటే, వస్తూ బంతిపూల దండ తెచ్చిపెట్టమంది దేవి. సత్యశ్రీ ఆ ఇంటికి వచ్చి నెల కూడా కాలేదు. లారీ ప్రమాదం సంగతీ, కింద వాటాలో ఇద్దరూ ఆ రోజే భర్తను పోగొట్టుకున్నారనీ అత్తగారు చెప్పగా విన్నది. పాపం అనిపించి, దండలు రెండు తెచ్చింది.

లోపల పీట మీద ఒకటే ఫొటో ఉంది. నీలం గళ్ల చొక్కాలో నవ్వుతున్న మనిషి. సత్యశ్రీ గదంతా కలయజూసింది.

"రెండో ఫొటో ఎక్కడ పెట్టారండీ?"

దేవి తల వంచుకుంది. పోతమ్మ ఒక దండ తీసుకుని, రెండోది తిరిగి ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

"ఒకటి సాలమ్మా, మా ఇద్దరికీ మొగుడు ఒక్కడే."