ఓడి ఛార్జి

"నాన్నా, ఇవాళైనా ఆ బ్యాంకు మేనేజరు కలుస్తాడా?" చెప్పులు తొడుక్కుంటున్న తండ్రిని కూతురు అడిగింది.

"కలవక ఛస్తాడా! తనే ఫోన్ చేసి పదింటికల్లా రమ్మన్నాడు," అన్నాడు తండ్రి, పని సంచి భుజాన వేసుకుంటూ. పాస్‌బుక్కు కూడా మర్చిపోకుండా జేబులో పెట్టుకున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని 'నిదానం' అంటారు. కొంప అంటుకున్నా బకెట్టు కడిగి మరీ నీళ్ళు పోసే రకమని భార్య వేళాకోళం. అంతటి నిదానానికీ నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. కూతురి నర్సింగు పరీక్ష ఫీజుకు ఇవాళే ఆఖరు రోజు. కట్టకపోతే పిల్లకి ఏడాది గల్లంతు. ఫీజు పద్నాలుగు వందలు. ఆయన ఖాతాలో వేసింది పదిహేను వందలు. ఇప్పుడున్నవి తొమ్మిది వందల తొంభై ఏడు.

మిగతావి బ్యాంకు మింగింది. దొంగచాటుగా కాదు, పాస్‌బుక్కులో అచ్చేసి మరీ మింగింది. ఖాతాలో పన్నెండు రూపాయలు మాత్రమే మిగిలిన రోజున, 'మీ ఖాతాలో డబ్బు తక్కువగా ఉంది' అని ఒక మెసేజ్ పంపింది. అంత మంచి కబురు చెప్పినందుకు పదిహేను కోసుకుంది. దాంతో ఖాతా సున్నాకి మూడు కిందకి జారింది. జారినందుకు ఐదొందలు. మర్నాడు ఆయన ఫీజు డబ్బు వేయడమే ఆలస్యం, ఐదొందల మూడూ గుటుక్కుమనిపించింది.

దాని గురించి అడగడానికి ఈ వారంలో మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మేనేజరు మీటింగులోనే ఉన్నాడు.

ఇవాళ గుమ్మంలో గార్డు కర్ర అడ్డం పెట్టాడు.

"ఏం పని?"

"మేనేజరు గారు రమ్మన్నారు."

"వచ్చినవాళ్ళంతా ఆ మాటే అంటారు. ఫోను ఆపేసి టోకెన్ తీసుకో."

ఫోను వాడరాదని గోడ మీద కూడా పెద్దక్షరాలతో రాసి ఉంది. నిదానం ఫోను ఆపేశాడు. టోకెన్ మీద నలభై ఒకటి. పిలుస్తున్నది ఆరో నంబరు.

లోపల జాతరలా ఉంది. క్యాష్ కౌంటరు మాత్రం ఖాళీ. ఇవాళ నగదు ఇవ్వరట, ఎందుకో ఎవరూ చెప్పరట. పింఛను కోసం వచ్చిన ముసలాయన అందరికీ వినబడేలా గొణుగుతున్నాడు. మేనేజరు కాలు కాలిన పిల్లిలా తన గాజు గదిలోంచి వెనక వైపుకి, వెనక నుంచి గదిలోకి తిరుగుతున్నాడు. చెవికి అంటుకున్న ఫోను ఊడి రావడం లేదు. గోడ మీది అక్షరాలు ఆయనకి వర్తించవు కాబోలు.

గంటన్నరకి నలభై ఒకటి వచ్చింది. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

"అమ్మా, నన్ను మేనేజరు గారు..."

"పాస్‌బుక్కు ఇవ్వండి."

ఇచ్చాడు. ఎలాగూ అడగాల్సిన మాట అడిగేశాడు.

"ఇక్కడ 'ఓడి ఛార్జి' అని ఉంది. నేనెవరితో ఓడానమ్మా?"

"ఓడి కాదు బాబాయ్, ఓ డీ. ఓవర్ డ్రాఫ్టు. అంటే మీ దగ్గర లేని డబ్బు మీరు వాడుకున్నారు."

"నేనెక్కడ వాడానమ్మా? తీసుకుంది మీరేగా!"

"అదే మరి. మీ తరఫున మేం వాడుకున్నాం."

వెనక వరసలో ఎవరో పకాలున నవ్వారు. నిదానానికి నవ్వు రాలేదు. వాళ్ళ మూడు రూపాయల కోసం తన పిల్ల ఏడాది పోవాలా?

"ఒక్క మీట నొక్కితే ఐదొందలూ వెనక్కి వచ్చేస్తాయి బాబాయ్," అమ్మాయి కాస్త గొంతు తగ్గించింది. "కానీ ఆ మీట సార్ నొక్కాలి. ఆయనకి ఇవాళ అసలే గోరుచుట్టు మీద రోకటిపోటు. వెళ్ళి బెంచీ మీద కూర్చోండి."

కూర్చున్నాడు. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంకో గంట కూర్చున్నాడు. పన్నెండున్నరకి గాజు తలుపు తెరుచుకుంది.

"ఏంటయ్యా?" మేనేజరు కాలరు చెమటతో తడిసిపోయింది.

నిదానం పాస్‌బుక్కు ముందు పెట్టి, మెసేజ్ దగ్గర్నుంచి ఫీజు దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. మేనేజరు మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రూలంటే రూలే. అర్జీ రాసిచ్చి సోమవారం రా."

"సోమవారానికి మా అమ్మాయి గడువు దాటిపోతుంది సార్. మీరు తల్చుకుంటే నిమిషం పని."

"నిమిషమా! నాకు ఊపిరి పీల్చుకోవడానికే నిమిషం లేదు!" ఇంతసేపూ బిగబట్టుకున్నదంతా మేనేజరు ఒక్కసారిగా కక్కేశాడు. "క్యాష్ గది తాళంచెవి లోపలే ఉండిపోయి, తలుపు మూసుకుని తాళం పడిపోయింది. పైవాళ్ళు గంటకోసారి ఫోన్ చేసి దులిపేస్తున్నారు. ఊళ్ళో ఆ తాళం తీయగలిగినవాడు ఒక్కడేనట. పదింటికి రమ్మంటే వస్తున్నానన్నాడు. పన్నెండున్నరైంది, పత్తా లేడు, ఫోను స్విచ్చాఫ్! అసలు ఈ జనానికి టైమంటే లెక్కే లేదయ్యా. ఇలాంటివాళ్ళకి నిమిషానికింత అని జరిమానా వెయ్యాలి!"

నిదానం సంచి ఎత్తి బల్ల మీద పెట్టి, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"మీరు చెప్పిన పదింటికే వచ్చాను సార్, మీ గార్డే టోకెన్ ఇచ్చి వరసలో నిలబెట్టాడు, ముందు మా అమ్మాయి ఫీజు సంగతి చూడండి, తర్వాత మీ తలుపు సంగతి నేను చూస్తాను."