సున్నా చీటీ

"గట్టిగ ఊదు. పీపీ ఊదినట్టు కాదు."

కనకరాజు ఊదాడు. కాళ్లు తడబడితే గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

నాచారం ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు ఇంకా పది నిమిషాలుంది. గేటు ముందు యాభై మంది వరుసలో ఉన్నారు. తాగలేదని మిషన్‌లో ఊది చూపించందే ఎవరినీ లోపలికి పోనివ్వరు. సున్నా కాక మరే అంకె పడినా ఉద్యోగం ఆ రోజుతో సరి.

గార్డు బిక్షపతి ఈ గేటుకు వచ్చి మూడు రోజులే అయింది. ఈ మనిషిని చూడడం ఇదే మొదలు. దగ్గరికి రాగానే మందు వాసన గుప్పుమంది. ఏభై ఏళ్ల మనిషి, ఏడున్నరైనా కాకముందే! బిక్షపతికి ఒళ్లు మండింది.

మిషన్ కీచుమంటూ చీటీ బయటికి తోసింది.

సున్నా.

బిక్షపతి మిషన్‌ను అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. "ఏందే ఇది! నీ వాసన ఉప్పల్ దాంక కొడుతున్నది."

"మళ్ల ఊదుత" అన్నాడు కనకరాజు.

మళ్లీ సున్నా.

"నీ నసీబు మంచిగున్నది పెద్దాయనా. నా ముక్కుతోని పని లేదన్నరు ఆఫీసోళ్లు. మిషన్ ఏం జెప్తే అదే. నడువు లోపలికి."

కనకరాజు కదల్లేదు. "ఇంకొక్కసారి."

"పిచ్చి లేసిందా? సున్నా వచ్చినోడు లోపలికి ఉరుకుతడు. అంకె పడేదాంక ఊదుతవా ఏంది?"

రోజూ అయితే వరుసలోంచి ఈలలు, వెక్కిరింతలు. ఇవాళ ఒక్కరూ నవ్వలేదు. సైరన్‌కు వేళవుతున్నా ఎవరూ తోసుకోలేదు.

"ఊదనియ్యి అన్న" అన్నాడు వెనకే నిలబడ్డ ప్యాకింగ్ సెక్షన్ నరేందర్.

మూడోసారీ సున్నాయే. కనకరాజు గోడ పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని తిరిగొచ్చాడు.

"మూడు చీటీల మీద సంతకం పెట్టు. టైమెయ్యి. మందు వాసనొస్తున్నదని గూడ రాయి."

"రాస్తే నీ నౌకరి పోతది."

"పోనియ్యి. రాయి."

విసుగ్గా గీకి ఇచ్చాడు బిక్షపతి. కనకరాజు చీటీలను జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లోపలికి పోలేదు. రోడ్డు దాటి ఉప్పల్ వైపు పోయే ఆటో ఎక్కాడు.

"ఎక్కడి తాగుబోతే వీడు! పొద్దుగాల పొద్దుగాల నా పానం తిన్నడు" అన్నాడు బిక్షపతి.

నరేందర్ గొట్టాన్ని నోటి దాకా తెచ్చి ఆగాడు.

"పోయిన నెల గీ ఫ్యాక్టరీలనే ఆయన బిడ్డ సంతోషిని ఫోర్క్‌లిఫ్టుతోని తొక్కి సంపినోడు తాగలేదని కంపెనీ సూపిచ్చిన కాయితం గీ మిషన్ ఇచ్చిన సున్నానే అన్న, అందుకే పుట్టి బుద్ధెరిగి మందు ముట్టని మనిషి ఇయ్యాల తాగొచ్చిండు."