కలిసొచ్చిన చోటు

దొంగతనానికి ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్‌ని మించిన ముహూర్తం లేదని మహేందర్ నమ్మకం. మిగతా దేశాలతో ఆడితే జనం మధ్యలో నీళ్లకు లేస్తారు, కుక్క మొరిగితే బయటికొచ్చి చూస్తారు. పాకిస్తాన్‌తో అయితే ఇల్లు కాలిపోతున్నా ఓవర్ అయ్యాకే లేస్తారు. పైగా ఇది వరల్డ్ కప్. అటు సరిహద్దులో యుద్ధం కూడా నడుస్తోంది. ఇంతకంటే మంచి సాయంత్రం దొరకదు.

సైబర్ టవర్స్ వచ్చాక కొత్తగూడలో లేచిన ఇళ్లలో ఒకటి చూసిపెట్టుకున్నాడు. కడప నుంచి వచ్చిన ప్లాట్ల వ్యాపారి సుబ్బరాయుడిది. లోపల టీవీ హోరెత్తిపోతోంది. పెరటి తలుపు తీసే ఉంది. మహేందర్ పడగ్గదిలో దూరి, బీరువాకే వేలాడుతున్న తాళంచెవి తిప్పి, కాసులపేరు తీసి చొక్కాలో వేసుకున్నాడు. చిటికెలో పనైపోయింది.

తీరా చూస్తే, ఇంటావిడ ఈశ్వరమ్మ పెరట్లో గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. ఇక మిగిలింది హాలు దాటి వీధి తలుపే. హాల్లో సుబ్బరాయుడు ఇటు వీపు పెట్టి టీవీ ముందు కూర్చున్నాడు. మహేందర్ పిల్లిలా నడిచాడు. నడిచినవాడు నడిచినట్టే పోక, స్కోరెంతో చూద్దామని తల తిప్పాడు. సరిగ్గా అప్పుడే పాకిస్తాన్ వికెట్ పడింది.

“అవుట్!” అని అరిచేశాడు.

సుబ్బరాయుడు ఉలిక్కిపడి తిరిగాడు.

“కేబుల్ వైరు చూడనీకొచ్చిన సార్. పోతున్న,” అన్నాడు మహేందర్.

సుబ్బరాయుడు అతన్ని కిందికీ పైకీ చూశాడు. “యాడికప్పా పొయ్యేది? నువ్వు ఆడ నిలబడినాకనే గదా అవుటయ్యింది! మ్యాచ్ అయ్యేదాంక కదలాకు!” అని, పెరట్లోకి కేకేశాడు. “ఈశ్వరమ్మా, పక్కింట్లో చెప్పిరాపో, మన అదృష్టం నడుచుకుంటా ఇంట్లోకే వచ్చిందని!”

ఆమె హాల్లోకి తొంగిచూసి, తడి చేతులు తుడుచుకుంటూ పక్కింటికి వెళ్లింది.

మహేందర్‌కు ఇందులో వింతేమీ తోచలేదు. కిందటి మ్యాచ్‌కు తన బస్తీలో ఒకణ్ని గంటసేపు ఒంటికాలి మీద నిలబెట్టారు. రెండు ఓవర్లు ఆగి జారుకుందామనుకున్నాడు. ఇంతలో ఇంకో వికెట్ పడింది. ఇద్దరూ ఎగిరారు. చొక్కాలో కాసులు గలగలమన్నాయి గానీ, టీవీ హోరులో కలిసిపోయాయి.

సుబ్బరాయుడు కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్లాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మహేందర్ ఒక కాలు లేపాడు. అంతే, పాకిస్తానోడు ఫోర్ కొట్టాడు. ఠక్కున కాలు మళ్లీ అక్కడే పెట్టేశాడు. దేశానికి సంబంధించిన విషయం మరి.

కాఫీ చేతికిచ్చాక సుబ్బరాయుడు టీవీని తక్కువ, మహేందర్ మొహాన్ని ఎక్కువ చూడసాగాడు. అదృష్టాన్ని కళ్లారా చూసుకుంటున్నాడు కాబోలని మహేందర్‌కు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

చివరి వికెట్ పడింది. ఇండియా గెలిచింది. వీధంతా టపాకాయల మోత. ఇద్దరూ కావలించుకున్నారు. మహేందర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇగ పోతా సార్,” అని తలుపు వైపు తిరిగాడు. గుమ్మంలో ఎస్సై ఉన్నాడు. వెనక ఈశ్వరమ్మ.

“ఏమనుకోకండి. మేడమ్ ఎప్పుడో ఫోన్ చేసిన్రు. మ్యాచ్ అయ్యేదాక స్టేషన్ల ఒక్కడు లేవలే,” అన్నాడు ఎస్సై, మహేందర్ చెయ్యి పట్టుకుంటూ.

“పర్వాలేదు సార్. వార్తల కోసం టీవీ పెడితే ఇది వస్తాండింది. వీడు ఎగిరినప్పుడల్లా నేనూ ఎగిరినా,” అన్నాడు సుబ్బరాయుడు చెమట తుడుచుకుంటూ. “ఇంతకూ వాళ్లల్లో మనోళ్లెవురు సార్, నీలం చొక్కాలోళ్లా, పచ్చ చొక్కాలోళ్లా?”