టైరు చెప్పిన జాతకం

"ఈ బండి ఇక నేను ముట్టుకోను. తీసుకుపోండి."

మెకానిక్ చేతిలోని పానాను బల్ల మీద పడేశాడు. ముందు చక్రం ఊడదీసిన ఆ చిన్న ఎర్ర కారు జాకీ మీద ఒక పక్కకి ఒరిగి ఉంది. చూడ్డానికి కూరగాయలు తెచ్చుకునే బండిలా ఉంటుంది కానీ, బానెట్ కింద దాని ఒంటికి మించిన ఇంజను. వారమంతా బుద్ధిగా స్కూలుకీ బజారుకీ తిరుగుతుంది. ఆదివారం రాగానే ఊరి బయట రేసు ట్రాక్ ఎక్కుతుంది. ఆ రోజు ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని అక్కడ ఎంత వేగం పోగలిగితే అంత పోవచ్చు. సోమవారం పొద్దున్నే కాళ్ళీడ్చుకుంటూ ఈ షెడ్డుకొస్తుంది. వరసగా ఇది నాలుగో సోమవారం.

"అలా అనకండి. ఎలాగోలా శనివారానికి..." అన్నాడు కారు తెచ్చినాయన. భుజాన ఆఫీసు బ్యాగు, మొహంలో వారం రోజుల నిద్ర బాకీ.

"ఎలాగోలానా? ఇటొచ్చి చూడండి." మెకానిక్ బ్రేకు డిస్కు మీద గోటితో గీసి చూపించాడు. "వెంట్రుకంత పగులు. కనబడుతోందా? ఇంకో ఆదివారం ఇలాగే తొక్కితే ఇది రెండు ముక్కలు. నూట యాభైలో పోతున్నప్పుడు బ్రేకు లేకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు."

కారు తెచ్చినాయన ఆ పగులు చూసి కళ్ళు మూసుకున్నాడు. "కొత్తవి వేస్తే?"

"వేస్తే పై సోమవారం మళ్ళీ ఇదే భాగోతం. ప్యాడ్లు వేసి నెల తిరక్కుండా అరిగి రేకే మిగిలింది. బ్రేకు ఆయిలు మరిగి కషాయమైంది. వేసిందే వేసి, విప్పిందే విప్పి నా నడుం పడిపోయింది. మనిషిని నా చేతుల్తో ముస్తాబు చేసి చావుకి పంపుతున్నట్టుందండీ."

"నేను చెప్పేదేంటంటే..."

"మీరేం చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. టైరు చూస్తే తోలే మనిషి జాతకం చెప్పేస్తాను." మెకానిక్ ఊడదీసిన టైరును దొర్లించి, చెక్కుకుపోయిన అంచు మీద అరచెయ్యి రాశాడు. "మలుపుల్లో ఇంత అరగదీశారంటే మొండితనం పాలెక్కువ. ఎవరైనా ముందుకెళ్తే ఓర్చుకోలేరు. ఆఖరి క్షణం దాకా బ్రేకు తొక్కరు, తొక్కితే పగబట్టినట్టు తొక్కుతారు. ఇంట్లోనూ అంతే అయ్యుండాలి. పట్టిన పట్టు విడవరు, ఎవరి మాటా చెవికెక్కదు. అవునా, కాదా?"

కారు తెచ్చినాయన నోరు తెరుచుకుని చూశాడు. "అచ్చు గుద్దినట్టు చెప్పారండీ."

ఎదురుతిరిగితే ఇంకో నాలుగు తిట్టేవాడే. ఒప్పేసుకుంటే ఏమంటాడు? మెకానిక్ నడుం పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"మాట చూస్తే ఇంత మెత్తగా ఉంది. ఆ స్టీరింగు ముందు కూర్చోగానే ఏం పూనుతుందండీ?"

"నాకూ అదే అర్థం కాదండీ."

"పిల్లలున్నారా?"

"ఒక పాప."

"మీ ఆవిడ వద్దనదా?"

"అని అని ఊరుకుంది. ఒకసారి ఏడ్చింది కూడా."

మెకానిక్‌కి ప్రాణం ఉసూరుమంది. కిందటేడు ఇలాగే బతిమాలి బ్రేకులు వేయించుకెళ్ళిన ఒకాయన ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఈసారి మాత్రం ఊరుకోదలుచుకోలేదు.

"అసలు మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?"

"మా అత్తగారిదేనండీ." తడుముకోకుండా వచ్చింది జవాబు.

"ఆవిడ మాటంటే మాటేనా?"

"ఇంకో మాట ఉండదు. అందుకే కదండీ ఈ తిప్పలన్నీ..."

మిగతాది వినకుండానే మెకానిక్ బల్ల మీదున్న ఈ బండి సర్వీసు కార్డు అందుకుని, దాని మీదున్న ఇంటి నంబరు ఫోనులో నొక్కాడు. కారు తెచ్చినాయన ఆపబోయి చెయ్యి చాపాడు. ఒక్కసారి పగిలిన డిస్కు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతనికీ ఓపిక అయిపోయింది. ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పేది తను కాకపోతే చాలు.

"ఎవరూ?" స్పీకరులో పెద్దావిడ గొంతు.

"నమస్కారమమ్మా. కార్ల షెడ్డు నుంచి. మీ అల్లుడుగారు నా పక్కనే ఉన్నారు. బంగారంలాంటి మనిషి, కాదనను. కానీ ప్రతి ఆదివారం ఆ ట్రాక్ మీద బండిని పీల్చి పిప్పి చేస్తున్నారు. బ్రేకు డిస్కు పగిలింది తల్లీ! ఇంకోసారి వెళ్తే మనిషి దక్కడు. మీ అమ్మాయి మొహం చూసైనా, ఆ పసిపిల్ల మొహం చూసైనా గట్టిగా ఒక్క మాట చెప్పండి. మీ మాటకి తిరుగులేదట. ఈ పిచ్చి మీరే మాన్పించాలి."

పెద్దావిడని పొద్దున్నే హడలగొట్టానేమోనని మెకానిక్ మనసు చివుక్కుమంది. కారు తెచ్చినాయన మెల్లగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అతనికి నా పక్క సీట్లో కూర్చోవాలంటేనే వణుకు నాయనా," అంది పెద్దావిడ, "నువ్వా కబుర్లు కట్టిపెట్టి శనివారానికల్లా కొత్త డిస్కులు వేసిపెట్టు, నిన్న ఆఖరి మలుపులో ఆ పచ్చకారు వాడు నన్ను దాటేసి పోయాడు!"