గోడ మీద ఎర్ర అక్షరాలు

"గోడ మీద రాయనిదే బియ్యం లేదు," అన్నాడు సుబ్యక్తో అనే పెద్దమనిషి. అక్కడ గౌరవంగా పిలవాలంటే మగవాళ్లను 'పాక్' అని, ఆడవాళ్లను 'బూ' అని అంటారు.

ఊళ్లో పేద కుటుంబాలకు నెలనెలా బియ్యం, నూనె మూటలు పంచే సంఘానికి ఆయన అధ్యక్షుడు. పట్నం నుంచి వచ్చిన దాతలిద్దరు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. ఉన్నవాళ్లు కూడా పేదల బియ్యం మింగేస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. దానికే ఈ ఉపాయం. రేకులో అక్షరాలు కత్తిరించి అచ్చు చేయించాడు. గోడకు ఆనించి ఎర్ర రంగు కొడితే చాలు, 'ఇది నిరుపేద కుటుంబం' అని పడుతుంది.

"ఉన్నవాళ్లెవరైనా ఉంటే సిగ్గుతో చచ్చి వాళ్లే పేరు తీయించుకుంటారు," అన్నాడు దాతలతో.

"లేనివాళ్లకి సిగ్గుండదా పాక్?" అంది కస్మి.

కస్మి తొమ్మిదేళ్లుగా సంఘానికి జీతం లేని చాకిరీ చేస్తోంది. మూటలు కట్టేది ఆవిడే, సైకిల్ మీద ఇంటింటికీ మోసేది ఆవిడే. ఆవిడ నోటికి సంఘంలో అందరూ జడుస్తారు.

"బూ కస్మీ, మీరు పని చెయ్యడానికి వచ్చారా, పంచాయితీ పెట్టడానికి వచ్చారా?"

"ఆదివారం, మన మూటలు తీసుకునే పైనెం కూతుర్ని అడగడానికి పెళ్లివారు వస్తున్నారు. ఆ గోడ చూస్తే వీధిలోంచే వెనక్కి తిరిగిపోతారు. తండ్రి లేని పిల్ల పాక్."

"ఒకరిని వదిలితే అందరూ వదలమంటారు. జాబితాలో పేరుందా, గోడ మీద అక్షరాలు పడాలి. అంతే."

"ఎవరికీ మినహాయింపు లేదా?"

పాక్ సుబ్యక్తో దాతల వైపు చూసి ఛాతీ విరుచుకున్నాడు. "మా అమ్మ లేచొచ్చినా లేదు!"

జాబితా తెచ్చి కస్మి చేతిలో పెట్టారు. పన్నెండు పేర్లు. పైనుంచి కిందిదాకా చదివింది. ఒళ్లు భగ్గున మండింది. రంగు డబ్బా, కుంచె, అచ్చు రేకు తీసుకుని బయటికి నడిచింది. "గట్టిగా చెబితే ఎవరైనా దారికొస్తారండీ," అని ఆయన దాతలతో అనడం వెనక నుంచి వినిపించింది.

మొదటి పేరు పైనెందే.

కబురు అప్పటికే చేరినట్టుంది. పైనెం గోడకు అడ్డంగా నిలబడి ఉంది. వెదురు తడక గోడ. పెళ్లివారి కోసం నిన్ననే సున్నం పూసింది. మోచేతుల మీద తెల్ల మరకలు ఇంకా పోలేదు. లోపల ఆమె కూతురు లస్త్రి కొబ్బరి కోరుతూ, తల ఎత్తకుండా ఏడుస్తోంది.

"రాయకండి బూ. మీ బియ్యం వద్దు. మొన్న ఇచ్చిన మూటలో సగం ఉంది, అదీ పట్టుకుపోండి."

"మూట ఇచ్చేస్తే ఏం తింటారు?"

"కర్రపెండలం ఉడకేసుకుంటాం. ఇదివరకు తినలేదా? దాని పెళ్లి అయ్యేదాకా మా గోడ జోలికి రాకండి, అంతే చాలు."

కాసిని బియ్యం గింజలు పడేసి మనిషి పరువు పట్టుకుపోవడం ఏం న్యాయం? కస్మికి చేతిలో డబ్బాను వీధిలోకి విసిరికొట్టాలనిపించింది. పళ్లు బిగించింది.

"మీ ఇల్లు ఆఖరున. కిందినుంచి మొదలుపెడతాను."

"ఆఖరునైనా రాస్తారుగా బూ?"

కస్మి సైకిల్ ఎక్కేసింది.

జాబితాలో ఆఖరి పేరు సుహర్తిని. కస్మి ఆ ఇంటి తలుపైనా తట్టలేదు. నేరుగా వెళ్లి గోడకు రేకు ఆనించి కుంచె లాగింది. గోడ నున్నగా ఉంది, రంగు బాగా పట్టింది. కసి తీరక, రెండు అడుగులు జరిగి ఇంకోసారి కొట్టింది. పొలాలకు పోయేవాళ్లు ఆగి చూశారు.

చప్పుడు విని సుహర్తిని తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. గోడ చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, ఏంటిది బూ? చెరిపెయ్యండి! మీ కాళ్లు పట్టుకుంటాను!"

"పన్నెండో పేరు మీదే కదా?"

"నాదే, కానీ..."

"నెలనెలా మూట తీసుకుంటున్నారు కదా?"

"మా ఆయనే రాయించారు నా పేరు. నాకేం తెలుసు? నలుగురూ చూస్తున్నారు బూ, రేపు నేను బయట తలెత్తుకోవద్దా?"

"తీసుకునేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

సుహర్తిని గోడకు చేరబడి భోరుమంది. చూస్తున్నవాళ్లలో ఒక ముసలాయన మొహం తిప్పుకున్నాడు. కోపం తలకెక్కితే కస్మికి ఎదుటి మనిషి కన్నీళ్లు కనబడవు.

"మా ఆయన చూస్తే ఊరుకోరు!"

"ఆయన్నే రమ్మనండి. వచ్చి, ఇంతమంది ముందు చెరపమని ఆయన నోటితో చెప్పమనండి. ఇది చెరుపుతాను, మిగతా పదకొండు ఇళ్ల జోలికీ వెళ్లను."

సుహర్తిని ఫోను చేసింది. కస్మి కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి, వీధి గట్టు మీద కూర్చుంది.

పది నిమిషాలు తిరక్కుండానే, దాతలను టీ దగ్గరే వదిలేసి మోటారుసైకిల్ మీద వచ్చిపడి, "చెరుపు, ముందు చెరుపు!" అని వీధంతా వినిపించేలా అరిచిన ఆ మొగుడు ఎవరో కాదు, సంఘం అధ్యక్షుడు పాక్ సుబ్యక్తో.