పలకని వంకాయలు

"ఏ కాయగా మారావో చెప్పు తల్లీ, కొయ్యడానికి చెయ్యి రావడంలేదు," అంది సుగుణమ్మ, కత్తిపీట మీద కూర్చుని.

తెర మీద బొమ్మలు గెంతుతూ రూపాలు మార్చే రంగురంగుల పాతకాలపు ఆటను పిల్లలు ఇప్పుడు తమ ఒంటితోనే ఆడుతున్నారు. కోరిన రూపం ఎత్తుతారు. నోరు విప్పితే ఓడినట్టే. అందుకే వీధిలో ఆడవాళ్లెవరూ అడగనిదే ఏ కూరా తరగరు.

"మేఖలా, పలకవే. ఓడితే ఓడావు, మళ్లీ ఆడుకుందువుగాని."

వంకాయలు పలకలేదు. సుగుణమ్మ ఒక్కొక్కదాన్నీ చెవికి ఆనించుకుని విన్నది. చివరికి అన్నిటినీ ఒళ్లో వేసుకుని, కొంగు కప్పి, ఏడుస్తూ కూర్చుండిపోయింది. పొయ్యి మీద అన్నం మాడింది.

చాలాసేపటికి ఆమె కిందినుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఓడిపోయానమ్మా. కత్తిపీటను నేనే. నావల్ల నీ చెయ్యెక్కడ తెగుతుందోనని భయమేసింది."